పాస్‌వర్డ్ తెలిసిన రెండో మనిషి

‘అందరం కలిసి పనిచేద్దాం’ అనే మాట ఎవరి నోట విన్నా నాకు ఒళ్లు మండుతుంది. ఇప్పుడు ప్రతి ఆఫీసులోనూ ఫోన్లలో గ్రూపులు పెట్టుకుని, పొద్దున్నే ఒకరికొకరు పువ్వుల బొమ్మలు పంపుకుని, దాన్నే కలిసి పనిచెయ్యడం అంటున్నారు. బ్యాంకు నుంచి రహస్యమైన అంకెలు వస్తే, ఎవరికీ చెప్పొద్దని వాటి కిందే రాసి ఉన్నా, అద్దాలు ముక్కు మీదికి జార్చుకుని వాటిని వీధంతా వినపడేలా చదివే పెద్దమనుషులు మా తెనాలిలో ఇప్పటికీ ఉన్నారు. వాళ్లని చూసి నవ్వే హక్కు నాకు లేదు. ఎందుకు లేదో ఇన్నేళ్లుగా ఎవరికీ చెప్పలేదు.

ఇంటర్నెట్ మా వైపుకి కొత్తగా వస్తున్న రోజులు. నేను ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్పేవాణ్ణి. దానికి తెనాలి, బాపట్ల, రేపల్లెలో మూడు బ్రాంచీలు. వారంలో రెండు రోజులు బాపట్లలో, మిగతా రోజులు తెనాలిలో నా క్లాసులు. మూడు చోట్లా పరీక్ష ఒకటే, ప్రశ్నపత్రం ఒకటే. కవరుకి లక్క సీలు వేసి అటెండరు చేతికిస్తే, అతను పాసింజరు బండెక్కి దాన్ని ఒళ్లో పెట్టుకుని వెళ్లి ఇచ్చి వచ్చేవాడు. ఏ గొడవా లేదు.

ఇలా ఉండగా మా కరస్పాండెంటు గారు హైదరాబాదులో ఏదో హోటల్లో జరిగిన ఒక్కరోజు సెమినారుకి వెళ్లారు. ఒక సంచీ, ఒక పెన్ను, ఒక పిచ్చి తెచ్చుకున్నారు. తిరిగొచ్చిన మర్నాడే స్టాఫుని కూర్చోబెట్టి, “ఇకనించీ మన మూడు బ్రాంచీలూ ఒకే గదనుకోండి మాస్టారూ. మధ్యలో గోడలుండవు” అన్నారు. గోడలు ఎందుకు కడతారో ఆయన ఆలోచించలేదు. ఆలోచించి ఉంటే ఆయన కాలేజీ పెట్టేవాడే కాదని నా అభిప్రాయం.

గోడల్లేని ఆ గదికి తలుపు ఒకటి కావాల్సొచ్చింది. మూడు బ్రాంచీల్లోనూ కలిపి మెయిల్ ఐడీ ఉన్నది ఒక్క మనిషికే. రేపల్లె బ్రాంచీలో టైపిస్టు ఆవిడ. ముప్పై ఏళ్లలోపు మనిషి, బీకాం చదివింది. తెలుగులో ప్రశ్నపత్రం టైపు చేస్తే ఒక్క తప్పు ఉండేది కాదు. నా చేతిరాత నేనే చదువుకోలేను, ఆవిడ చదివేది. ఉద్యోగాలకి దరఖాస్తులు పెట్టుకోడానికి మా కాలేజీలో చేరకముందే తన పేరు మీద ఆ మెయిల్ తెరుచుకుందట.

“ఉన్నదాన్ని వదిలేసి ఇంకోటెందుకమ్మా? నీదే అందరం వాడుకుందాం” అన్నారు కరస్పాండెంటు గారు.

“అది నా సొంతదండి. కాలేజీ పేరు మీద ఇంకోటి తెరవడం అయిదు నిమిషాల పనండి, నేనే తెరిచిస్తాను.”

“మనలో మనకి నీదీ నాదీ ఏంటమ్మా?”

గదిలో అందరం నవ్వాం. నేనూ నవ్వాను. ఆవిడ నవ్వలేదు గాని, ఆ సాయంత్రమే పాస్‌వర్డ్ అందరికీ చెప్పింది. చెప్పక ఏం చేస్తుంది? మా స్టాఫ్ రూముల్లో ఒక పద్ధతి ఉండేది. మధ్యాహ్నం క్యారేజీలన్నీ మూతలు తీసి మధ్యలో పెట్టాలి. ఎవరి గిన్నెలోంచి ఎవరైనా తీసుకోవచ్చు, అడగక్కర్లేదు. తన గిన్నె కాస్త పక్కకి జరుపుకున్న మనిషి గురించి వారం రోజులు చెప్పుకునేవాళ్లం. పాస్‌వర్డుకీ అదే పద్ధతి అమలుచేశాం. పెద్దవాడు అడిగితే దాచడం ఆయన్ని అనుమానించడం కింద లెక్క. కూరేంటని అడిగినంత తేలిగ్గా పాస్‌వర్డ్ ఏంటని ఒక గదిలోంచి ఇంకో గదిలోకి కేకేసి అడిగేవాళ్లం, జవాబూ కేకే. బాపట్లలో దాన్ని స్టాఫ్ రూము నల్లబల్ల మూల సుద్దముక్కతో రాసి, కింద ‘చెరపవద్దు’ అని గీత కూడా గీశారు.

ఆ ఏడాదంతా మేం చేసిన నిర్వాకం ఇది. రేపల్లెలో ముత్యాల్లా టైపు చేసి పంపిన తెలుగు బాపట్లలో తెరిస్తే, అక్కడ ఆ అక్షరాల ఫాంటు లేక, చీమలు పాకినట్టు కనపడేది. దాన్ని సరిచేయించుకోడానికి అరగంట ఫోను. ఆ ఫోను చేస్తే మోడెం లైను తెగేది. మళ్లీ కీచుమంటూ మొదటినుంచీ. మా జువాలజీ ఆయన కూతురికి వస్తున్న పెళ్లికొడుకుల జాతకాలన్నీ టైపిస్టు ఆవిడ పేరు మీదే దిగేవి. కరస్పాండెంటు గారు ఎవర్ని తిట్టినా ఆ తిట్టు ఆవిడ పేరుతోనే వెళ్లేది. “మీ తిట్లన్నీ నా పేరుతోనే పోతున్నాయండి” అని ఆవిడ ఒకసారి నాతో అంది. నేను దాన్ని హాస్యం కింద తీసుకున్నాను.

ప్రీఫైనల్ పరీక్షలకి పది రోజుల ముందు ఆవిడ ఏదో మీటింగుకి బాపట్ల వచ్చింది. నల్లబల్ల మూల తన పాస్‌వర్డ్ చూసింది. ఆ పక్క గదిలోనే పిల్లలు కూర్చుంటారు. డస్టరు తీసుకుని తుడిచేసింది. మర్నాటి నుంచి మాకెవరికీ మెయిల్ తెరుచుకోలేదు.

ఎంత రభస చేశామో! కరస్పాండెంటు గారు ఫోను చేసి నిలదీస్తే, “పరీక్షలయ్యేదాకా నా ఒక్కదాని దగ్గరే ఉంచుతానండి. ఎవరికేం కావాలన్నా ప్రింటు తీసి కవరు సీలేసి పంపుతానండి” అందట. సెమినారులోనూ ఇలాంటి ముక్కే ఏదో విని వచ్చినట్టున్నాడు, ఆయన సరేనన్నాడు. ఊరుకోలేనిది మేం. మనల్ని దొంగలనుకుంటోందా అని తెనాలిలో ఒకరు, రెండు కంప్యూటర్ ముక్కలొస్తే ఇంత పొగరా అని బాపట్లలో ఒకరు. అందరికంటే ఎక్కువ మండిపడింది నేను. పద్దెనిమిదేళ్ల సర్వీసున్న నా జేబులు ఎవరో వెతికినట్టు అనిపించింది. ఆ కోపం నాలుగైదు రోజులు నా దగ్గరే ఉంచుకున్నాను.

గురువారం బాపట్లలో నా క్లాసులు. ఫిజిక్స్ పరీక్ష శనివారం. మధ్యాహ్నం నుంచీ నాకొక అనుమానం పట్టుకుంది. కటకాల మీద ఇచ్చిన లెక్కలో నాభ్యంతరం సరిగ్గా రాశానా లేదా అని. కాలేజీ అయ్యాక స్టేషను దారిలో ఎస్టీడీ బూత్ నుంచి రేపల్లెకి ఫోను చేశాను.

“పేపరు నా ముందే ఉందండి మాస్టారూ, ఆ లెక్క చదివి వినిపించనా?” అంది.

నా పని అయిపోవాల్సింది అక్కడే. అవనివ్వలేదు. “నా పేపరు నేను కళ్లతో చూసుకోవాలి. దానికి నీ అనుమతి కావాలామ్మా?” అన్నాను. గొంతు బాగానే పెంచాను. బూత్‌లో కూర్చున్న అమ్మాయి తలెత్తి చూసింది.

ఆవిడ ఒక్కో అక్షరమూ చెప్పింది. నేను ఒక్కో అక్షరమూ తిరిగి పైకి అంటూ రైలు టిక్కెట్టు వెనక రాసుకున్నాను.

“ఎవరికీ చెప్పకండి మాస్టారూ. చూడ్డం అయ్యాక, కుడివైపు పైన బయటికొచ్చే మాట ఒకటుంటుందండి, దాని మీద నొక్కండి. మర్చిపోకండి.”

“ఫిజిక్స్ చెప్పేవాణ్ణి, నాకు మీటలు నొక్కడం నేర్పుతావా?” అని ఫోను పెట్టేశాను.

స్టేషను దగ్గర ఇంటర్నెట్ సెంటరు. ప్లైవుడ్డు గదులు, అక్షరాలు చెరిగిపోయిన కీబోర్డులు, చెమట వాసన. పక్క గదుల్లో మా కాలేజీ పిల్లలే ముగ్గురో నలుగురో ఉన్నారు, నన్ను చూసి తెర కిందికి తలలు దించుకున్నారు. వాళ్లు భయపడ్డారని నాకు గర్వంగా కూడా అనిపించింది. మెయిల్ తెరిచాను. పేపరు తెరిచాను, మా కాలేజీలో లేని ఆ ఫాంటు ఇక్కడ ఉంది. నాభ్యంతరం సరిగ్గానే ఉంది. మొత్తం పేపరులో ఒక్క తప్పు లేదు. మళ్లీ ఒకసారి పైనుంచి కిందిదాకా చూశాను, ఏదైనా దొరికితే ఆవిణ్ణి ఒక మాట అనొచ్చని. ఇంతలో పాసింజరు వస్తోందని స్టేషనులో చెప్పడం వినపడింది. గబగబా లేచి, తెర కింద ఉన్న గుండ్రటి మీట నొక్కాను. తెర నల్లగా అయిపోయింది. టీవీ కట్టేసినట్టు కట్టేసి పరిగెత్తాను.

తెర ఆరిపోతే పని ముగిసిందనుకున్నాను. పద్దెనిమిదేళ్లుగా పిల్లలకి విద్యుత్తు పాఠం చెబుతున్నవాణ్ణి.

శుక్రవారం సాయంత్రానికి బాపట్లలో జిరాక్సు కాపీలు తిరిగాయి. శనివారం పొద్దున పరీక్ష హాల్లోకి పిల్లలు నవ్వుకుంటూ వచ్చారు. మధ్యాహ్నానికి తల్లిదండ్రులు గేటు దగ్గరికి చేరారు. సోమవారం కరస్పాండెంటు గారు మూడు బ్రాంచీల వాళ్లనీ తెనాలికి పిలిపించారు. టైపిస్టు ఆవిడ వేమూరు దగ్గర బండి ఆగిపోయి అరగంట ఆలస్యంగా వచ్చింది, ఆ ఆలస్యాన్ని కూడా నేరం కిందే చూశాం. అకాలవర్షానికి తడిసిన గొడుగు ఎక్కడ పెట్టాలో తెలీక చేత్తోనే పట్టుకుని నిలబడింది. కూర్చోమని ఎవరూ అనలేదు.

టేబుల్ మీద ఒక కాగితం ఉంది. ఎవరో పిల్లాడి తండ్రి తెచ్చిచ్చిన ప్రింటు. మెయిల్‌లోంచి మా ప్రశ్నపత్రం ఎవరికో వెళ్లినట్టు అందులో స్పష్టంగా ఉంది. పంపినవాళ్లు అన్నచోట ఆవిడ పేరు. పక్కనే గురువారం, సాయంత్రం, టైము. నేను మెయిల్ మూయకుండా పాసింజరెక్కిన పావుగంటకి. ఆ టైము చదివి కాగితాన్ని పక్కాయన ముందుకి జరిపేశాను. ఏం జరిగిందో ఆ గదిలో తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే అనుకున్నాను.

“పాస్‌వర్డ్ మార్చింది ఎవరమ్మా?” అన్నారు కరస్పాండెంటు గారు.

“నేనేనండి.”

“అంతకుముందు అందరికీ తెలుసు. అప్పుడు ఏడాది పొడుగునా ఏమీ కాలేదు. నువ్వొక్కదానివే దాచుకున్న వారంలోనే ఇది బయటికెళ్లింది. దీన్నేమంటారు?”

ఆవిడ గొడుగు ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకుంది.

“చెప్పమ్మా. ఇంకెవరికైనా చెప్పావా?”

నా కుర్చీ ఆవిడకి నాలుగడుగుల దూరంలో ఉంది. గొడుగులోంచి నీళ్లు కారి నా చెప్పుల దాకా వచ్చాయి. నేను ఆ నీళ్లనే చూస్తూ కూర్చున్నాను. ఆవిడ నా వైపు తిరగలేదు, కాగితం వైపే చూసింది.

“లేదండి” అంది.

“అంటే పంపింది నువ్వే.”

“నేను పంపలేదండి.”

“పేరు నీది, పాస్‌వర్డ్ నీది, ఇంకెవరికీ చెప్పలేదంటున్నది నువ్వే. మరి దెయ్యం పంపిందా?”

ఎవరో నవ్వారు. జాగ్రత్తగా ఉన్నది ఆ మూడు ఊళ్లలోనూ ఆ ఒక్క మనిషే. ఆ జాగ్రత్తే మెడకి చుట్టుకుంది. నల్లబల్ల మీద రాసి పెట్టినవాళ్లకి ఏమీ కాలేదు. కేకలేసుకున్నవాళ్లకి ఏమీ కాలేదు. నేను నోరు మెదపలేదు. గొంతు దాకా వచ్చిందని రాసుకుంటే బాగుంటుంది గాని, రాలేదు. ఇంకో మూడేళ్లలో సీనియర్నని నన్ను ప్రిన్సిపాల్‌ని చేస్తామన్న మాట ఒకటి నా చెవిలో ఉంది. అదే వినపడుతూ కూర్చున్నాను.

ఆ సాయంత్రమే ఆవిణ్ణి మానిపించారు. వెళ్లేముందు పాస్‌వర్డ్ కాగితం మీద రాసిచ్చి వెళ్లమన్నారు. ఆవిడ రాసిచ్చి, “కాలేజీ కాగితాలన్నీ వేరే దాంట్లోకి మార్చేసుకుని నా మెయిల్ నాకిచ్చేయండి. అందులో నా సొంత ఉత్తరాలున్నాయండి. ఉద్యోగాలకి అదే ఇచ్చానండి” అంది. ఉద్యోగం ఉంచమని అడగలేదు. మెయిల్ ఒక్కటే అడిగింది. మూడు బ్రాంచీల వ్యవహారమంతా అందులో ఉంది, అది కాలేజీదేనన్నారు. ఆవిడ గేటు దాటకముందే పాస్‌వర్డ్ మార్చేశారు. ఆ కొత్త పాస్‌వర్డ్ మరో వారం తిరక్కుండానే బాపట్ల నల్లబల్ల మూలకి చేరింది. కింద గీతతో సహా.

తర్వాత ఇంకో ముచ్చట. ఇకముందు ఇలాంటివి జరక్కుండా స్టాఫుకి నాలుగు మంచిమాటలు చెప్పాలని, సీనియర్ని కదా అని, ఆ పని నాకే అప్పగించారు. నేను చెప్పాను. నలభై నిమిషాలు చెప్పాను. పాస్‌వర్డ్ ఎవరికీ చెప్పరాదు, పని అయ్యాక కుడివైపు పైన నొక్కి బయటికి రావలెను, తెర ఆర్పితే చాలదు. ఆవిడ నాకు ఫోనులో చెప్పిన మాటలే వరసగా అప్పజెప్పాను. అందరూ చప్పట్లు కొట్టారు. కరస్పాండెంటు గారు శాలువా కప్పారు. ఆ శాలువా ఎవరికో ఇచ్చేశాను గాని ఆ చప్పట్లు వదలడం లేదు.

ఆవిడ వెళ్లిపోయాక కూడా ఆవిడ పేరుతో మెయిళ్లు వస్తూనే ఉండేవి. సోమవారం స్టాఫ్ మీటింగ్, అందరూ సకాలంలో రావలెను, ఆవిడ పేరు. ఆలస్యంగా వచ్చినవారికి సగం రోజు సెలవు కింద లెక్క, ఆవిడ పేరు. పేరు చదివినప్పుడల్లా నాకు కరస్పాండెంటు గారి మీద అసహ్యం, ఇంటర్నెట్ మీద అసహ్యం, సెమినార్లు పెట్టేవాళ్ల మీద అసహ్యం. ఇంటికొచ్చి గోడలతో పోట్లాడేవాణ్ణి. నా ఒక్కడి మీద తప్ప అందరి మీదా కోపం తెచ్చుకోడానికి ఆ మెయిల్ బాగా పనికొచ్చింది.

నాలుగైదు నెలలకి ఒకరోజు ఆ మెయిల్‌లో సిలబస్సు కోసం వెతుకుతుంటే ఒక ఉత్తరం కనపడింది. విజయవాడలో పాఠ్యపుస్తకాలు అచ్చువేసే సంస్థ నుంచి. టైపు పనికి ఇంటర్వ్యూకి రమ్మని, ఆవిడకి. వచ్చి మూడు రోజులైంది. అప్పటికే ఎవరో తెరిచి చదివి వదిలేశారు. ఇంటర్వ్యూకి ఇంకా రెండు రోజులుంది. దాన్ని ప్రింటు తీసుకుని, సెలవు పెట్టి, రేపల్లె బండెక్కాను. దారిపొడుగునా నా గుండె ఎంత తేలికపడిందో చెప్పలేను. పాపానికి విరుగుడు చేతిలో పెట్టుకుని వెళుతున్నాననుకున్నాను.

పెళ్లికార్డులు వేసే చిన్న ప్రెస్సులో పనిచేస్తోందని తెలుసు, నేరుగా అక్కడికే వెళ్లాను. నన్ను చూసి లేచి నిలబడింది.

“రండి మాస్టారూ. కూర్చోండి.”

కాగితం ఇచ్చాను. నిలబడే చదివింది. తారీఖు రెండుసార్లు చూసింది.

“ఎవరెవరు చదివారండి దీన్ని?”

“ఎవరో తెరిచారమ్మా ముందే. నేను చూడగానే బయల్దేరి వచ్చాను.”

“మంచిదండి” అని కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి పర్సులో పెట్టుకుంది. కుర్రచేష్టలా ఉంటుందని తెలిసీ కొత్త పాస్‌వర్డ్ రాసిన చీటీ కూడా తీసి ఇవ్వబోయాను. చెయ్యి చాపలేదు. “వద్దండి. దాంతో ఏం జరిగినా మళ్లీ నా పేరే కదండి” అంది.

లేచి వచ్చెయ్యాల్సింది. కానీ మంచివాడిననిపించుకోకుండా కదలడం నాకు చేతకాలేదు. “ఆ రోజు మీటింగులో నువ్వు నా పేరు చెప్పలేదు. నాకు తెలుసమ్మా. పెద్దవాణ్ణన్న గౌరవంతో ఊరుకున్నావు. ఆ మేలు నేను మర్చిపోను” అన్నాను. కళ్లు కూడా చెమర్చాయి.

ఆవిడ నా వైపు కాస్త ఆశ్చర్యంగా చూసింది. కోపం లేదు.

“గౌరవం కాదండి. మీ పేరు చెబితే మీరు కాదంటారని ఊరుకున్నాను. అప్పుడు దొంగదాన్నే కాకుండా, పెద్దాయన మీద అబద్ధం చెప్పినదాన్ని కూడా అయ్యేదాన్ని.”

ప్రెస్సు ఓనరు లోపలినుంచి ఏదో కార్డు గురించి పిలిచాడు. “వస్తున్నానండి” అని లోపలికెళ్లింది.

నేను ప్రిన్సిపాల్‌ని అయ్యాను, రిటైరూ అయ్యాను. ఆవిడకి ఆ ఉద్యోగం వచ్చిందో లేదో కనుక్కునే ధైర్యం చెయ్యలేదు. ఆ గదిలో ఆవిడ నా పేరు చెప్పి, కరస్పాండెంటు గారు నా వైపు తిరిగి, “నిజమేనా మాస్టారూ?” అని అడిగి ఉంటే ఏమనేవాణ్ణో చాలాసార్లు ఆలోచించాను. లేదండి అనేవాణ్ణి.